తిరుపతయ్య చేసిన కొసరు పని

రంగుల కౌంటర్ వెనక పదకొండేళ్ళు నిలబడ్డాను. షికాగో పక్కన నేపర్‌విల్ డౌన్‌టౌన్‌లో మేకుల నుంచి మంచు ఎత్తే పారల దాకా అన్నీ అమ్మే పాత హార్డ్‌వేర్ షాపు అది. రంగుల విభాగం నాది. వచ్చేవాళ్ళు అడిగిందే అడుగుతారు. ఒక గదికి ఎంత పడుతుంది? రెండు కోటింగ్‌లకి రెండు గాలన్లు తీసుకోండి. మిగిలితే ఎక్కడ దాచాలి? మూత గట్టిగా కొట్టి బేస్‌మెంట్‌లో పెట్టండి, గ్యారేజీలో పెడితే చలికి గడ్డకట్టి పాడవుతుంది. ఆయిల్ పెయింట్ మీద నీళ్ళ పెయింట్ వేయొచ్చా? ప్రైమర్ లేకుండా వేస్తే అప్పడంలా ఊడొస్తుంది. మనవాళ్ళది ఇంకో ప్రశ్న. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చిన పెద్దావిడలు డబ్బా మీద ఎగ్‌షెల్ అని చూసి, నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, ఇందులో గుడ్డు కలుస్తుందా? దేవుడి గదికి వేయిద్దామనుకుంటున్నాం" అంటారు. గుడ్డు లేదండీ, గుడ్డు పెంకుకి ఉన్నంత మెరుపు ఉంటుందని అర్థం, అంతే. ఈ మాట ఎన్ని వందలసార్లు చెప్పానో. నాకు అసలే ఓపిక తక్కువ. మా ఆయన రామమోహన్ నన్ను ఆ ఉద్యోగంలో ఆర్నెల్లు కూడా ఉంచరనుకున్నాడు.

ఆ పదకొండేళ్ళలో జవాబు తెలిసి కూడా నాకు నోరు పెగలని ప్రశ్న ఒక్కటే వచ్చింది. అది తిరుపతయ్య గారి వల్ల వచ్చింది. కొంత నా వల్ల కూడా.

ఆయన్ని మొదటిసారి చూసింది 2006 ఎండాకాలంలో. తెల్ల చొక్కా, కూతురు కొనిచ్చిన కొత్త స్నీకర్లు వేసుకున్న పెద్దాయన బ్రష్షుల వరస ముందు నిలబడి, ఒక్కొక్కటీ తీసి కుచ్చు వేలితో వంచి చూసి మళ్ళీ పెట్టేస్తున్నాడు. చివరికి తనలో తను అనుకుంటున్నట్టు, "ఈ దేశంల లప్పం దొరకదా ఏంది" అన్నాడు. లప్పం అంటే గోడ గుంటలు పూడ్చే ముద్ద, ఇంకేం కాదు. కానీ బాపట్ల వదిలాక ఆ మాట నా చెవిన పడలేదు. కౌంటర్ వదిలేసి వెళ్ళాను.

"దొరుకుతుంది అన్నయ్యగారూ. నాలుగో వరసలో ఉంది, పేరే వేరు" అన్నాను.

అప్పటి నుంచి నేను ఆయనకి చెల్లెనయ్యాను. కరీంనగర్‌లో నలభై ఏళ్ళు ఇళ్ళకి రంగులు వేశాడు. భార్య పోయాక కూతురు రాగిణి గ్రీన్‌కార్డ్ చేయించి తెచ్చుకుంది. రాగిణి సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తుంది, పొద్దున ట్రైన్‌లో షికాగో వెళ్తే సాయంత్రానికి వస్తుంది. "నాయనా, నువ్వు రెస్ట్ తీసుకో" అని ఆ పిల్ల చెప్పి వెళ్ళేది. ఈయన రెస్ట్ తీసుకుని తీసుకుని, ఒక వారంలో ఆ ఇంటి బేస్‌మెంట్ అంతా లప్పం పట్టి, ఎమరీ కాగితం కొట్టి, రంగు వేసేశాడు. చూసినవాళ్ళు మా ఇంటికీ రమ్మన్నారు. అలా మొదలైంది.

చెయ్యి అంటే ఆ చెయ్యే. కప్పూ గోడా కలిసే చోట టేప్ అంటించకుండా బ్రష్షుతో గీత గీసేవాడు. ఆ గీతని మా షాపు ఓనర్ వచ్చి కళ్ళజోడు తీసి మరీ చూసి వెళ్ళాడు. ఇంకో అలవాటుంది ఆయనకి. ఏ ఇంట్లో పని అయిపోయినా, చివర్న అడగని పని ఒకటి చేసి పెట్టేవాడు. తుప్పు పట్టిన మెయిల్‌బాక్స్ స్తంభమో, వెలిసిపోయిన కుర్చీయో, ఏదో ఒకటి. "కూరగాయలామె గుప్పెడు కరివేపాకు ఎయ్యదా చెల్లె, గట్లనే. కొసరు" అనేవాడు. అందరూ మురిసిపోయేవారు. మా ఇంట్లో చెక్క మెట్ల రెయిలింగ్ ఆయన కొసరే.

ఒకసారి మా ఇంట్లో భోజనానికి పిలిస్తే బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు అన్నం కలుపుకోలేదు. అడిగితే చెప్పాడు. కరీంనగర్‌లో పెద్దిళ్ళలో పనిచేసినన్నాళ్ళూ పెయింటర్లకి వేరే గ్లాసు ఉండేదట, ప్రహరీగోడ మీద బోర్లించి ఉంటుందట. తాగి, కడిగి మళ్ళీ అక్కడే బోర్లించాలి. "నలభై ఏండ్లు గోడలేసిన. నేనేసిన గోడల నడుమ కూసొని ఇంటోళ్ళతోని తిన్నది లేదు. నువ్వు మనోళ్ళవు, నీది వేరే లెక్క" అన్నాడు. కోపంగా చెప్పలేదు. పప్పు బాగుందన్నంత మామూలుగా చెప్పాడు.

మదాం కెర్వెల్ సంగతి చెప్పాలి. షాపులో మేమందరం మేడమ్ అనేవాళ్ళం. ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డు ఊరు ఆమెది. అమెరికా ఆయన్ని పెళ్ళాడి నలభై ఏళ్ళ కిందట వచ్చింది, ఇక్కడి బడిలో ఫ్రెంచ్ చెప్పి రిటైరైంది, భర్త పోయాడు, పిల్లల్లేరు. మొదటిరోజు కౌంటర్ దగ్గరికి రాగానే నేను అలవాటుగా "ఏం కావాలండి?" అని అడిగాను. ఆమె కదలకుండా నా మొహంలోకి చూసి, "బోన్‌జూర్" అంది. నేను మళ్ళీ ఏం కావాలన్నాను. ఆమె మళ్ళీ బోన్‌జూర్ అంది. నేనూ ఆ మాట అన్నాకే కావలసింది చెప్పింది. మా ఊళ్ళో కొట్టుకెళ్తే అరకిలో పంచదార అంటామే గానీ నమస్కారాలు పెడతామా? ఒళ్ళు మండింది. రెండేళ్ళయ్యేసరికి ఆమె అలికిడి వినగానే నా నోట్లోంచి అదే ముందు వచ్చేది.

2007 ఏప్రిల్‌లో వచ్చి భోజనాల గదికి లేత బూడిద రంగు కావాలంది. మెరుపు బొత్తిగా ఉండకూడదంది.

"మెరుపు లేనిదైతే మరక పడితే కడగలేం మేడమ్" అన్నాను.

"గోడ చూడటానికి. కడగటానికి కంచాలున్నాయి" అంది. ఇంగ్లీషే మాట్లాడేది, కానీ ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టు చెప్పేది. వేసేవాడు కావాలంటే తిరుపతయ్య గారి పేరు నేనే చెప్పాను.

మొదటిరోజు సాయంత్రం ఆయన షాపుకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"పొద్దున పోంగనే చెయ్యి కలిపింది చెల్లె. మజ్జానం పనిల ఉంటే మళ్ళొచ్చింది. చేతికి రంగున్నది మేడమ్ అని చూపిస్తే, మణికట్టు పట్టుకొని ఊపింది."

"వాళ్ళ పద్ధతి అంతేలెండి. రోజూ పలకరిస్తారు. భోజనం?"

ఆయన కొంచెం తగ్గాడు. సరిగ్గా పన్నెండున్నరకి ఆమె బల్ల మీద గుడ్డ పరిచి, తింటావా అని అడిగిందట. ఈయన వద్దు మేడమ్, తినొచ్చిన అన్నాడు. ఆమె సరే అని ఒక్కతే కూర్చుని తినేసిందట. ఈయన గ్యారేజీలో కూర్చుని రాగిణి పెట్టిన పెరుగన్నం డబ్బా తెరిచాడు.

"నిజంగా తిని వెళ్ళారా?" అన్నాను.

"ఏడ తిన్న? మళ్ళ అడుగుతదనుకున్న."

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "అన్నయ్యగారూ, వాళ్ళు ఒక్కసారే అడుగుతారు. వద్దన్న మనిషిని బలవంతపెడితే అవమానించినట్టు అనుకుంటారు. మన మొహమాటాలు వాళ్ళ దగ్గర చెల్లవు. రేపు అడిగితే ఠక్కున అవునండి" అన్నాను.

రేపు అడగలేదు. ఒకసారి వద్దన్నాడంటే ఆమె దృష్టిలో అది ఆయన నిర్ణయం, తేలిపోయింది. రోజూ చెయ్యి కలిపేది, పన్నెండున్నరకి గుడ్డ పరిచేది, రొట్టె కంచంలో కాకుండా గుడ్డ మీదే పెట్టుకునేది, ముందు కూరా తర్వాత ఆకులూ ఆ తర్వాత చీజూ తినేది. ఒంటరి మనిషి, ఎవరు చూస్తారని? అయినా ఒక్కరోజు నిలబడి తిన్నది లేదు. ఈయన గ్యారేజీ తలుపు సందులోంచి అన్నీ చూసి వచ్చి నాకు చెప్పేవాడు. తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. "ఒక్కసారి మళ్ళ అడిగితే చాలు చెల్లె. యెస్ మేడమ్ అని మాట నేర్సుకున్న" అన్నాడు. అరవై దాటిన మనిషి ఆ రెండు మాటలూ అద్దంలో చూసుకుంటూ సాధన చేస్తున్నాడని రాగిణి ఫోన్‌లో చెప్పి నవ్వింది. నేను నవ్వలేదు.

పదో రోజు మేడమ్ మూడు రోజులకి షికాగోలో స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. మిగిలిన కిటికీ చట్రాలు పూర్తి చేయమని తాళంచెవి ఇచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆయన నా దగ్గరికి వచ్చి, లేత మీగడ రంగు ఎనామిల్, బాగా మెరిసేది, చిన్న డబ్బా కలపమన్నాడు.

"ఏ గదికి?"

"కొసరుకు" అన్నాడు.

అప్పుడు ఇంకో మాట అడిగి ఉండాలి. వెనక నలుగురు నిలబడి ఉన్నారు, మిషన్ తిరుగుతోంది, నేను కలిపి ఇచ్చేశాను. పాత చెక్కకి పొడిగా ఎమరీ కొట్టకండి, పాత రంగుల్లో సీసం ఉంటుంది, తడిపి లైట్‌గా రుద్దండి అని మాత్రం చెప్పాను. పెద్ద తెలిసినదానిలా.

మేడమ్ వంటింట్లో ఒక చెక్క అల్మారా ఉంది. నీలం రంగు, అక్కడక్కడా పెచ్చులు లేచి కింద ఆకుపచ్చ, దాని కింద చెక్క కనిపిస్తాయి. పిడుల చుట్టూ నీలం అరిగి పల్చబడింది. అంత శుభ్రమైన ఇంట్లో అదొక్కటీ అలా ఉంటే తిరుపతయ్య గారి మనసు ఊరుకోలేదు. పాపం, మగదిక్కు లేని ఇల్లు, దీన్ని చూసేవాళ్ళు లేరనుకున్నాడు. తడిపి రుద్దాడు, గుంటలకి లప్పం పట్టాడు, ప్రైమర్ వేశాడు, రెండు కోటింగ్‌లు ఎనామిల్ వేశాడు. మొహం చూసుకోవచ్చు అన్నంత నునుపు తెచ్చాడు. నలభై ఏళ్ళ పనిలో అంత శ్రద్ధగా దేన్నీ చేయలేదని తర్వాత చెప్పాడు. ఆమె వచ్చే రోజున ఉతికిన చొక్కా వేసుకుని, పెరుగన్నం డబ్బా ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు.

ఆమె పదకొండున్నరకి వచ్చింది. వంటింటి గుమ్మంలో ఆగింది. అల్మారా దగ్గరికి వెళ్ళి తలుపు మీద అరచెయ్యి పెట్టి, తీసేసింది.

"ఇది నిన్ను ఎవరడిగారు?" అంది.

"ఫ్రీ మేడమ్. ఎక్స్‌ట్రా. నో మనీ" అన్నాడు ఈయన, నవ్వుతూనే.

ఆ నీలం నేను పుట్టిన ఏడాది మా అమ్మ వేసింది, ఆకుపచ్చ మా అమ్మమ్మది, అని ఆమె గొంతు పెంచకుండా చెప్పింది. సగం అర్థమైంది ఆయనకి. మిగతా సగం ఆమె మొహంలో అర్థమైంది. ఆ రోజు పన్నెండున్నరకి ఆమె బల్ల మీద గుడ్డ పరవలేదు. ఇవ్వాల్సింది కవరులో పెట్టి ఇచ్చింది. చెయ్యి మాత్రం ఇవ్వలేదు. ఆయన బ్రష్షులు కడుక్కుని, రాగిణికి ఫోన్ చేయకుండా, ఖాళీ కడుపుతో మూడు మైళ్ళు నడిచి ఇల్లు చేరాడు.

మర్నాడు పొద్దున మేడమ్ షాపుకి వచ్చింది. బోన్‌జూర్ అంది. నేనూ అన్నాను.

"పైన ఉన్న రంగు తీసేసి, దాని కింద ఉన్న పాత రంగుని మాత్రం ఉంచే మందు ఏదైనా ఉందా?"

ఇదీ ఆ ప్రశ్న. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పి ఉంటాను. మందు రాస్తే అన్ని పొరలూ ఒకేసారి కరిగిపోతాయి, వేడి పెడితే సీసం పొగ వస్తుంది, పైపొర ఒక్కటే తీసేది ఏదీ లేదు. నోరు పెగల్లేదు. తల అడ్డంగా ఊపాను.

"ఆ రంగు కలిపింది మీరేనా?"

"అవునండి."

"దేనికని అడగలేదా?"

"లేదండి" అన్నాను. ఆమె తల ఊపి, చీపురు ఒకటి కొనుక్కుని వెళ్ళింది.

తిరుపతయ్య గారు నన్ను పంపి రాయబారం చేయించాడు. మళ్ళీ నీలమే వేస్తాను, పిడుల దగ్గర రుద్ది పాతదానిలా కనిపించేట్టు చేస్తాను అని. వద్దంది. "అది డెబ్బై ఏళ్ళు చేతులు తగిలి అరిగిన అరుగుదల. ఆయన ఒక్క మధ్యాహ్నంలో చేస్తే నాటకం అవుతుంది" అంది. తీసుకెళ్ళి పారేస్తుందేమో అనుకున్నాను. పారేయలేదు. వంటింట్లోనే ఉంచి, ఎప్పటిలా కంచాలూ గుడ్డా అందులోనే పెట్టుకుని వాడుకుంది.

ఏడేళ్ళు గడిచాయి. ఆమె నెలకోసారి షాపుకి వచ్చేది, ఆయన పేరెత్తేది కాదు. ఆయన మాత్రం కనిపించినప్పుడల్లా అదే అడిగేవాడు. "మేడమొచ్చిందా చెల్లె? ఏమన్న అన్నదా?" లేదండీ అని చెప్పి చెప్పి నాకే విసుగొచ్చి, ఒకసారి "మీకింకేం పనిలేదా, వదిలేయండి" అని కసిరాను. ఆయన ఎమరీ కాగితం కొనుక్కుని వెళ్ళాడు. ఆ రోజంతా నాకు మనసు బాగాలేదు. ఆయన కొసరు పని చేయడం మానేశాడు. మనవాళ్ళ ఇళ్ళలో "అన్నా, ఆ గేటుకి కూడా కొంచెం తగిలించు" అని వాళ్ళే అడిగినా, "కాయితం మీద రాసియ్యిండ్రి" అనేవాడు. అదేం చాదస్తమని నవ్వుకునేవారు.

2014 సెప్టెంబర్‌లో మేడమ్ వచ్చింది. చేతికర్ర పట్టింది అప్పటికి. ఇల్లు అమ్మేస్తున్నానని, ఫ్రాన్స్‌లో మేనకోడలు ఉన్న ఊరికి వెళ్ళిపోతున్నానని చెప్పింది.

"ఏ రంగు వేస్తే ఇల్లు త్వరగా అమ్ముడవుతుంది?"

ఇది రోజూ వినే ప్రశ్నే. ఎవరి కంటికీ ఆనని లేత ఇసుక రంగు వేయండి, కొనేవాళ్ళు తమ సామాను ఊహించుకుంటారు అన్నాను. ఆమె ముక్కు చిట్లించి, రెండు గాలన్లు కలపమంది. మూత కొడుతుంటే అడిగింది, "మీ పెయింటర్ ఇంకా పనిచేస్తున్నాడా?"

తిరుపతయ్య గారికి అరవై తొమ్మిది. మోకాళ్ళు సహకరించవు, నిచ్చెన ఎక్కితే ఊరుకోనని రాగిణి చెప్పేసింది. సంగతి చెప్పగానే చొక్కా మార్చుకుని నా కారెక్కాడు. చేతిలో సంచి. సంచిలో ఏముందంటే చిన్న డబ్బా చూపించాడు. నేను కలిపిన మీగడ రంగు ఎనామిల్, అప్పట్లో మిగిలింది. ఏడేళ్ళు బేస్‌మెంట్‌లో దాచాడు. "పెచ్చులు లేసి ఉంటే సక్కజేసి ఇయ్యాలె కద" అన్నాడు.

మేడమ్ తలుపు తీసి నాతో బోన్‌జూర్ అంది, ఆయనతో అంది. ఆయనా అన్నాడు. చెయ్యి మాత్రం కర్ర మీదే ఉంది. భోజనాల గది చూపించింది, నిన్ననే వేసినట్టున్న ఆ బూడిద గోడ ఎక్కడా చెక్కు చెదరలేదు. అక్కడి నుంచి వంటింట్లోకి వెళ్ళాం.

అల్మారా అలాగే ఉంది. మెరుపు కొంచెం తగ్గింది. కానీ రెండు పిడుల చుట్టూ ఎనామిల్ అరిగిపోయి, ప్రైమరూ అరిగిపోయి, అర్ధరూపాయి బిళ్ళంత మేర కింది నీలం బయటపడింది. రోజూ పన్నెండున్నరకి గుడ్డ కోసం, కంచం కోసం తెరిచిన చోటు. తిరుపతయ్య గారు వంగి, కళ్ళజోడు సర్దుకుని, ఆ నీలాన్ని వేలితో తాకకుండా చాలాసేపు చూశాడు. తర్వాత సంచిలో చెయ్యి పెట్టాడు. వద్దని ఆపబోయాను. ఆయన డబ్బాని ఇంకొంచెం లోపలికి తోసి, సంచి మూతి ముడేశాడు.

మేడమ్ అది చూసింది.

"మొదలైంది" అంది. "ఇంకో అరవై ఏళ్ళు పడుతుంది. ఈ అల్మారా ఓడలో నాతోనే వస్తోంది."

నేను తెలుగులో చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. మేడమ్ కర్ర ఎడం చేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి చాపింది. పని మొదలుపెట్టనే లేదు, చేతికి రంగు చుక్కయినా లేదు. అయినా ఆయన అలవాటుగా మణికట్టు ఇచ్చాడు. ఆమె దాన్నే పట్టుకుని ఊపింది.

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

"మీరు తిం..." అని ఆమె మొదలుపెట్టగానే, "యెస్ మేడమ్" అన్నాడు.

ఆమె నావైపు తిరిగింది. "మీరు?"

"అయ్యో, వద్దండీ. ఇప్పుడే తినొచ్చాను" అన్నాను.

పొద్దున కాఫీ తప్ప ఏమీ తినలేదు నేను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు, నాలుక దానంతటదే అనేసింది. ఆమె "సరే" అంది. భోజనాల గదిలో బల్ల మీద గుడ్డ పరిచి ఇద్దరికి కంచాలు పెట్టింది. నాకో గ్లాసుతో నీళ్ళు పెట్టింది. ఉల్లికాడల సూప్ పొగలు కక్కుతోంది. తిరుపతయ్య గారు తానే వేసిన గోడల మధ్య, కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఆమె రొట్టె ముక్క గుడ్డ మీద పెట్టుకుంటే, ఒక క్షణం తటపటాయించి తనూ అలాగే పెట్టుకున్నాడు. ఆయనకి ఏడేళ్ళ కిందట అంత పాఠం చెప్పినదాన్ని, ఆకలితో నీళ్ళు తాగుతూ కూర్చున్నాను.

నాలుగు చెంచాలు తిన్నాక ఆయన నావైపు చూశాడు. ఆయనకి తెలిసిపోయింది. తన రొట్టె తుంచి, పెద్ద ముక్క నా ముందు గుడ్డ మీద పెట్టాడు.

"తిను చెల్లె" అన్నాడు. "మళ్ళ అడుగుతున్న."

మేడమ్ మా ఇద్దర్నీ చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, అల్మారా తెరిచి, మూడో కంచం తెచ్చింది.